నాడి ముందా, ఊపిరి ముందా

రియాద్‌లో మేముండే పేట పేరు మలాజ్. 1950ల్లో జిద్దా నుంచి మంత్రిత్వశాఖలు రాజధానికి తరలి వచ్చినప్పుడు ఉద్యోగుల కోసం కట్టిన పేట ఇది. అప్పట్లో కొత్త రియాద్ అంటే ఇదే. ఇప్పుడు కొత్తదనమంతా ఊరికి ఉత్తరాన పోయింది. మలాజ్‌కి మిగిలినవి వెడల్పాటి వీధులు, పాతబడ్డ ఫ్లాట్లు, జూ గోడ, ఆ ఫ్లాట్లలో మనలాంటి వాళ్ళు. శుక్రవారం వచ్చిందంటే ఒక ఇంట్లో పులిహోర, మరో ఇంట్లో బిర్యానీ. వైద్యుణ్ణి కనక నాకు రెండిళ్ళలోనూ పిలుపు ఉంటుంది. భోజనాలయ్యాక ఎవరో ఒకరు చెయ్యి చాపి నాడి చూడమంటారు. నేను మత్తు డాక్టర్నండీ, నాడి చూసి జాతకం చెప్పేవాణ్ణి కాదు అన్నా వినరు.

అలాంటి ఒక శుక్రవారం మా పై అంతస్తు కుర్రాడు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వాళ్ళది కరీంనగర్ వైపు పల్లె. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. మనవరాలి ముద్దుముచ్చట చూసి పోదామని విజిట్ వీసా మీద వచ్చి, వచ్చిన నెలకే పిత్తాశయంలో రాళ్ళతో మంచం పట్టింది. ఆదివారం పొద్దున్న ఆపరేషను. మేము పనిచేసే ఆసుపత్రిలోనే. మత్తు ఇచ్చేది నేనే. కాగితాలన్నీ తిరగేసి, ఏం భయం లేదమ్మా అని అలవాటైన మాట ఒకటి అనబోతే ఆవిడ అడ్డం వచ్చింది.

"మా అక్కను గిట్లనే తోల్కపోయిన్రు బిడ్డా. మత్తు సూది ఇచ్చినంక బీపీ దిగిపోయిందన్నరు. గంతే, మళ్ల లెవ్వలే. దిగుతదని ముంగట ఎరక గాదా?"

ముప్ఫయ్యేళ్ళ నాటి సంగతట. ఏ ఆసుపత్రో, ఏ డాక్టరో ఆవిడకు గుర్తు లేదు. "బీపీ దిగిపోయింది" అన్న ఒక్క ముక్క మాత్రం ముప్ఫయ్యేళ్ళుగా కొంగున కట్టుకుని తిరుగుతోంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కూర్చోండమ్మా అని టీ పెట్టించాను. ఆ టీ తాగేలోగా ఆవిడకు చెప్పగలిగింది కొంతే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఆవిడ అడిగిన ప్రశ్న మీద ప్రపంచం తలతిప్పి చూసేంత తగువు ఒకటి మన హైదరాబాదులో, నిజాం గారి ఖర్చు మీద నడిచింది. మన పిల్లలకు చార్మినారు తెలుసు, గోలకొండ తెలుసు. దీని సంగతి పెద్దవాళ్ళలోనే చాలామందికి తెలీదు.

ముందుగా, మత్తులో బీపీ ఎందుకు దిగుతుందో రెండు ముక్కలు చెప్పుకుందాం. బావి, మోటారు, దాని కింద పొలానికి పారే కాలవ ఊహించుకోండి. చివరి మడికి నీళ్ళు చేరాలంటే మూడు కుదరాలి. మోటారు తోడాలి, బావిలో నీళ్ళుండాలి, కాలవ గట్లు దగ్గరగా ఉండాలి. గట్లు ఒక్కసారిగా ఎడమైపోతే ఉన్న నీళ్ళే పల్చగా పరుచుకుని చివరి మడి ఎండుతుంది. మా మత్తుమందులు చాలావరకు చేసేది ఇదే. రక్తనాళాల బిగువు సడలిస్తాయి, గుండె జోరు కాస్త తగ్గిస్తాయి. రాత్రినుంచి కడుపు మాడ్చుకున్న మనిషిలో నీళ్ళు కూడా తక్కువే. పైగా మనిషి మత్తులోకి జారాక సర్జను కత్తి పెట్టేలోపు కాసేపు శరీరాన్ని తట్టిలేపే నొప్పి ఏదీ ఉండదు. బీపీ తరచు దిగేది ఆ ఖాళీలోనే. చివరి మడులంటే ఇక్కడ మెదడు, మూత్రపిండాలు, గుండె కండరం.

ఇక చరిత్రలోకి వద్దాం. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఈథర్ మత్తు నలుగురి ముందూ చేసి చూపించాడు. మరుసటి ఏడు నవంబరులో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం పట్టుకొచ్చాడు. ఈథర్ ఘాటుగా ఉంటుంది, నెమ్మదిగా ఎక్కుతుంది, దీపం దగ్గరుంటే భగ్గుమంటుంది. క్లోరోఫారం తియ్యటి వాసన, గుడ్డ మీద కాసిని చుక్కలు పోస్తే చాలు. అందరూ దాని వెంట పడ్డారు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి కుర్చీలో కూర్చుని, క్లోరోఫారం పీల్చి, రెండు మూడు నిమిషాల్లో ప్రాణం విడిచింది. కాలు తీసేసే ఆపరేషనయితే తప్పు ఆపరేషను మీదికి నెట్టెయ్యవచ్చు. కాలిగోరు మీదికి ఎవరు నెడతారు?

అక్కణ్ణుంచి వైద్యులు రెండు జట్లుగా చీలిపోయారు. లండనులో జాన్ స్నో (కలరా రోజుల్లో వీధి పంపు పిడి తీయించిన స్నో ఈయనే) క్లోరోఫారం ఆవిరి మరీ చిక్కగా పోతే గుండెనే చచ్చుబడేస్తుందని లెక్కలు కట్టి చెప్పాడు. లండను వాళ్ళు రోగి నాడి మీద వేలు పెట్టి కూర్చున్నారు. ఎడింబరోలో జేమ్స్ సైమ్, ఆయన శిష్యులు నాడి జోలికి పోవద్దు, ఊపిరి చూడండి అన్నారు. వాళ్ళ లెక్కన ముందు ఆగేది ఊపిరి. ఊపిరి సరిగా ఉన్నంతసేపూ గుండెకి వచ్చిన భయం లేదు. మత్తు డాక్టరు వేలు ఎక్కడ పెట్టాలన్నది చిన్న తగువులా కనిపిస్తుంది. కాని ఆ రోజుల్లో మనిషి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే సాధనం లేదు. ఉన్నవి రెండే గుర్తులు, నాడి, ఊపిరి. ఏది ముందు చెబుతుంది? పొరపాటు గుర్తును చూస్తూ కూర్చుంటే అసలు గుర్తు మన కళ్ళముందే దాటిపోతుంది. పై అంతస్తు అమ్మ అడిగింది సరిగ్గా ఇదే.

1885లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జను హైదరాబాదు రెసిడెన్సీకి వచ్చాడు. సైమ్ శిష్యుడు, గురువు మాట వేదవాక్కు. 1846లో మొదలైన హైదరాబాదు వైద్య పాఠశాలను, అంటే ఇవాళ్టి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలమైన దాన్ని, ఆయన చేతికిచ్చారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఆయన, ఆయన శిష్యులు వేలాదిమందికి క్లోరోఫారం ఇచ్చారు. ఊపిరి మాత్రమే చూస్తాం, మాకు చావుల్లేవు అన్నది ఆయన వాదం. మొండి మనిషని ఆయన రాతల్లోనే తెలిసిపోతుంది. అయితే ఆ మొండితనంతోనే ఒక మంచి పనీ చేశాడు. 1885లోనే ఆ పాఠశాలలో ఆడపిల్లలను చేర్చుకున్నాడు. వాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి క్లోరోఫారం ఇవ్వడంలో చెయ్యి తిరిగినదయింది. 1909లో ఎడింబరో దాకా వెళ్ళి మళ్ళీ చదువుకుంది. మత్తు ఇవ్వడాన్నే వృత్తిగా చేపట్టిన తొలి మహిళా వైద్యురాలు ప్రపంచంలోనే ఈవిడని చరిత్రకారులు కొందరంటారు. మత్తు వైద్యమే నా కూడు అయినా, నేను ఆవిడ పేరు మొదటిసారి విన్నది దేశం వదిలి ఇక్కడికి వచ్చాకనే.

1888లో లారీ తన వాళ్ళతో ఒక కమిషను వేయించాడు. వీధికుక్కలకు క్లోరోఫారం ఇచ్చి ఏది ముందు ఆగుతుందో చూశారు. ఊపిరే ముందు ఆగిందన్నారు. లండను వైద్యపత్రిక లాన్సెట్ ఆ మాటను నమ్మలేదు. ఇన్నేళ్ళుగా గుండె ఆగి చనిపోయిన రోగుల వివరాలు మా పేజీల్లోనే అచ్చయ్యాయే, అవన్నీ ఏమయినట్టు అన్న ధోరణిలో విమర్శించింది. లారీ ఊరుకునే రకం కాదు. నిజాం దగ్గరికి వెళ్ళాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. ఆయన వెయ్యి పౌన్లు ఇస్తానన్నాడు. మీరు నమ్మే మనిషినే మీరు పంపండి, మా ఖర్చుతో వచ్చి, మా ఊళ్ళో కళ్ళారా చూసి పొమ్మనండి అని లాన్సెట్‌కి కబురు. ఆ రోజుల్లో వెయ్యి పౌన్లంటే మాటలు కాదు. ఒక సంస్థానాధీశుడు వైద్యశాస్త్రంలో తగువు తీర్చడానికి, అదీ లండను పత్రికతో, సొమ్ము పెట్టాడంటే మెచ్చుకోకుండా ఉండలేను. నిజాములను తిట్టడానికి కారణాలు వేరే చాలా ఉన్నాయి, ఇది ఆ జాబితాలోది కాదు.

లాన్సెట్ ఎంచి పంపినవాడు లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడవచ్చని 1867లోనే కనిపెట్టిన ఘనుడు. రక్తపోటు సంగతులు ఆయనకు కరతలామలకం. క్లోరోఫారం గుండెను ఆపగలదని నమ్మే వచ్చాడు. 1889 అక్టోబరులో రెండో కమిషను పని మొదలైంది. లారీ, బ్రంటన్‌లతో పాటు బాంఫర్డ్ అనే సైనిక వైద్యుడు, నిజాం వైద్యశాఖ నుంచి డాక్టరు రుస్తుంజీ అందులో సభ్యులు.

వాళ్ళ పని ఎలా సాగిందో కాస్త ఊహించుకోండి. జంతువు ధమనిలోకి గొట్టం దూర్చి, దాన్ని ఒత్తిడి కొలిచే సాధనానికి తగిలిస్తారు. ఆ సాధనానికి ఒక పుల్ల. పుల్ల కొసకు ఆనించి గుండ్రంగా తిరిగే పీపా, పీపాకి చుట్టిన మసిపట్టించిన కాగితం. రక్తపోటు ఎక్కితే పుల్ల లేస్తుంది, దిగితే దిగుతుంది. మసి మీద తెల్లటి గీత పడుతుంది. ఇవాళ ఆసుపత్రిలో మంచం పక్క తెర మీద మీరు చూసే కొండలూ లోయల గీతకు పెద్దమ్మ అది. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు. డిసెంబరులో బ్రంటన్ లండనుకు తంతి కొట్టాడు. 490 జంతువుల మీద చూశాం, వాటిలో 120కి ఒత్తిడి సాధనం తగిలించాం, ప్రమాదమల్లా ఊపిరాడకపోవడం వల్లా మందు మితిమీరడం వల్లా వచ్చేదే, నేరుగా గుండెకి వచ్చేది లేదు అని దాని సారాంశం. 490 అన్న అంకె చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది. రెండు నెలల్లోపు! ఇవాళయితే ఏ కమిటీ ఒప్పుకోదు.

అనుమానంతో వచ్చిన బ్రంటన్ లారీ పక్షం అయిపోయాడు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను అచ్చువేసింది. క్లోరోఫారం ఇస్తూ పోతే బీపీ క్రమంగా దిగుతుంది, తరవాత ఊపిరి ఆగుతుంది, ఆ తరవాతనే గుండె ఆగుతుంది. బీపీ దిగడం దానంతట అది ప్రమాదం కాదు. నాడి చూస్తూ కూర్చున్నవాడు ఊపిరి చూడడం మరిచిపోతాడు కనక నాడి వదిలెయ్యండి. ఇదీ తీర్పు. ఇందులోని చిత్రం నాకు చాలాకాలం తట్టలేదు. వందకు పైగా జంతువుల రక్తపోటు గీతలు వాళ్ళ బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకుని, రక్తపోటు దిగితే కంగారు పడనక్కరలేదని తేల్చారు.

నివేదిక అచ్చయిన ఏడే అబర్డీన్‌లో మాక్‌విలియం, క్లోరోఫారానికి గుండె ఉబ్బి బలహీనపడడం తాను చూశానన్నాడు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు మరో తెలివైన పని చేశారు. ఒక జంతువు మెదడుకు మరో జంతువు రక్తం అందేలా నాళాలు కలిపారు. అంటే మెదడుకు క్లోరోఫారం వెళ్ళేలా, గుండెకి వెళ్ళకుండా చూడవచ్చు, అటుదిటూ చెయ్యవచ్చు. బీపీ దిగేది మెదడు వల్ల కాదు, మందు గుండెను తాకినప్పుడే అని వాళ్ళు చూపించారు. లారీ ఒప్పుకోలేదు. ఆయన ఎప్పటికీ ఒప్పుకోలేదు. చావులు మాత్రం ఆగలేదు.

చిక్కు ముడి విప్పినవాడు గుడ్‌మన్ లెవీ, 1911లో. పిల్లుల మీద ఆయన చూసింది ఇది. క్లోరోఫారం ఎక్కువైనప్పుడు కాదు, తక్కువగా ఉన్నప్పుడు, పైపై మత్తులో ఉన్నప్పుడు, ఒంట్లో ఎడ్రినలిన్ ఒక్కసారి పొంగితే గుండె కొట్టుకోవడం మాని గిలగిల వణకడం మొదలుపెడుతుంది. రక్తం ముందుకు కదలదు. ఊపిరి ఇంకా ఆడుతూండగానే ప్రాణం పోతుంది. ఎడ్రినలిన్ ఎప్పుడు పొంగుతుంది? భయపడినప్పుడు. కత్తిని చూసి, ముక్కు మీద గుడ్డ పెట్టగానే పెనుగులాడినప్పుడు. కాలిగోరు కోసం కుర్చీలో కూర్చున్న పదిహేనేళ్ళ పిల్లకి పొంగినట్టు.

హైదరాబాదు కమిషను అబద్ధమాడలేదు. వాళ్ళు చూసింది చూసినట్టే రాశారు. ఆరోగ్యంగా ఉన్న జంతువులను తెచ్చి, ఒక పద్ధతిలో, మందు ఆపకుండా పెంచుకుంటూ పోయారు. అలా చేస్తే చాలావరకు ఊపిరే ముందు ఆగుతుంది. వాళ్ళు చూడని సందర్భం ఒకటుంది. ఆ సందర్భంలోనే మనుషులు పోతున్నారు. ఇంకోమాట కూడా ఒప్పుకోవాలి. ఊపిరి చూడమన్న సగం మాటలో లారీ తప్పు లేదు. మత్తులో మనిషి గొంతు మూసుకుపోయి పోవడం అప్పటికీ ఇప్పటికీ నిజమే. నా ముందున్న తెర మీద ఊపిరి గీత, బీపీ గీత పక్కపక్కనే నడుస్తాయి. ఎడింబరో, లండను అక్కడ రాజీ పడ్డాయి.

లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో దెబ్బతింది. తరవాత ఏడో నిజాం అదే మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కట్టించాడు. ఆ వరదలో జనం ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న చింతచెట్టును చూడడానికి ఇప్పటికీ వెళ్తారు. 1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా సంగతి కనిపెట్టాడని పాఠాల్లో రాస్తాం. నెగ్గినవాడు కనక. లారీ ఓడినవాడు.

మనిషి బీపీని కొయ్యకుండా కొలిచే పట్టీని 1896లో ఇటలీలో రివా-రోచి తయారుచేశాడు. అమెరికా సర్జను హార్వీ కుషింగ్ 1901లో పావియా వెళ్ళినప్పుడు దాన్ని చూసి, బొమ్మ గీసుకుని, బాల్టిమోరు పట్టుకుపోయాడు. ఆపరేషను సాగుతున్నంతసేపూ బీపీ రాయాలన్నాడు. బోస్టన్ పెద్దలు ఆ సాధనాన్ని పరీక్షించి, అనుభవమున్న వేలిని మించినది లేదని తేల్చారట. నాడి, ఊపిరి తగువు పోయి వేలు, పట్టీ తగువు వచ్చిందన్నమాట. చివరికి పట్టీ నెగ్గింది. ఇవాళ ఆపరేషను గదిలో అయిదు నిమిషాలకు మించకుండా బీపీ చూడాలన్నది ప్రమాణం.

అయితే చూడడం వేరు, ముందే చెప్పడం వేరు. పట్టీ చెప్పేది జరిగిపోయిన సంగతి. 2005లో న్యూయార్కు వైద్యులు 4,096 మంది రోగుల కాగితాలు తిరగేసి, మత్తు ఎక్కిన మొదటి పది నిమిషాల్లో ఎవరికి బీపీ బాగా దిగిందో వెతికారు. వందకు తొమ్మిది మందికి దిగింది. యాభై దాటిన వాళ్ళు, ముందునుంచే జబ్బుగా ఉన్నవాళ్ళు, మొదటే బీపీ తక్కువగా ఉన్నవాళ్ళు, ప్రొపొఫాల్ అనే పాలలాంటి మందుతో నిద్రపుచ్చినవాళ్ళు, ఫెంటనిల్ ఎక్కువ పడ్డవాళ్ళు. తిరుపతి క్యూలో నిలబెట్టి లెక్కపెడితే సగం మంది ఈ జాబితాలోకి వస్తారు. ఎవరు అన్నది కొంత తెలిసింది. ఎప్పుడు అన్నది తెలీలేదు.

2018లో కాలిఫోర్నియా కంపెనీ ఒకటి, ఎడ్వర్డ్స్ వాళ్ళు, ఆ ఎప్పుడు మేం చెబుతామన్నారు. ధమనిలో సన్నటి గొట్టం పెడితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక అల తెర మీద లేస్తుంది. 1,334 మంది రోగుల అలలను కంప్యూటరుకు మేపారు. అల ఎక్కడ ఎలా వంగితే కాసేపటికి సగటు బీపీ 65కి దిగువకు పడుతుందో అది నేర్చుకుంది. సున్నానుంచి వంద దాకా ఒక అంకె చూపిస్తుంది. పదిహేను నిమిషాల ముందే, వందకు 88 సార్లు పట్టుకుంటుందని రాశారు. చదివి నేను గంతులేశాను. 2020లో ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు అరవై మంది మీద ప్రయత్నించి, ఆ అంకె చూస్తూ మత్తిస్తే బీపీ దిగి ఉన్న సమయం బాగా తగ్గిందన్నారు. అదే ఏడు అమెరికాలో రెండు వందల పైచిలుకు రోగుల మీద చూస్తే తేడా కనబడలేదు.

2022లో డెన్మార్క్ పరిశోధకులు ఇద్దరు ఆ యంత్రం చదువుకున్న పాఠాలు తీసి చూశారు. పాఠం చెప్పేటప్పుడు "బీపీ పడలేదు" అన్న ఉదాహరణలకు సగటు 75 పైన ఉన్న క్షణాలనే ఎంచుకున్నారు. 65కీ 75కీ మధ్య ఊగుతూ, పడకుండా నిలబడ్డ రోగులు ఆ గుంపులో లేరు. అందువల్ల యంత్రానికి 70 కనిపిస్తే చాలు, పడబోతోందని అరవడం నేర్చుకుంది. అల వంపుల్లో ఏదో రహస్యం చదువుతోందనుకున్నది చాలావరకు ఇప్పటి బీపీ అంకెనే వేరే వేషంలో చూపిస్తోందని వాళ్ళ వాదన. ఆ తగువు ఇంకా పూర్తిగా తీరలేదు. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు అఫ్జల్‌గంజ్ గుర్తుకొచ్చింది. వాళ్ళూ ఉన్న గీతలను నిజాయితీగానే చదివారు. గదిలోకి రాని కుక్క ఏం చెప్పేదో వాళ్ళకు తెలీలేదు.

ఇంకా మొదటి చిక్కే తీరలేదు. ఎంతకు దిగితే దిగినట్టు? 2007లో డచ్చి వైద్యులు 130 వ్యాసాలు వెతికితే "బీపీ తక్కువ" అన్నదానికి 140 నిర్వచనాలు దొరికాయి. 65 అన్నది సగటు మనిషి గీత. పై అంతస్తు అమ్మకు ఇంట్లో ఉండే బీపీ 150 మీద 90. అంటే సగటు 110. ఆవిడ శరీరం ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి అలవాటు పడింది. 65కి దిగితే ఆవిడకు సగం చిల్లరే మిగిలినట్టు. పుస్తకంలో మాత్రం ఇంకా పాసు మార్కే. అలాగని పైన పట్టి ఉంచితే చాలునా అంటే, ఏడు వేల పైచిలుకు రోగుల మీద చేసి 2023లో అచ్చయిన అంతర్జాతీయ అధ్యయనంలో, బీపీ దిగకుండా కాపాడే పద్ధతి వల్ల గుండెపోట్లూ పక్షవాతాలూ తగ్గలేదు.

ఇవన్నీ ఆవిడకు చెప్పలేదు. చెప్పినది ఇంతే. దిగుతుందమ్మా, మీ వయసుకి దిగే అవకాశం ఎక్కువే. ఏ నిమిషంలో అన్నది చెప్పే యంత్రం నమ్మదగ్గది నా దగ్గర లేదు. నేను అక్కణ్ణుంచి కదలను. ఆవిడ తల ఊపింది. నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు.

అప్పుడు మాత్రల సంచీ తియ్యమన్నాను. ఈ అలవాటు మీరూ చేసుకోండి. ఆపరేషనుకు వెళ్తే పేర్లు గుర్తు తెచ్చుకోవడం కాదు, సంచీయే పట్టుకెళ్ళండి. అందులో టెల్మిసార్టన్ ఉంది. బీపీకి మన దేశంలో బాగా రాసే మాత్ర. ఆ జాతి మాత్రలు వేసుకున్న పొద్దున్న మత్తు ఇస్తే బీపీ మరింత దిగుతుంది. 2024లో ఫ్రాన్సులో చూసినప్పుడు, ముందే ఆపినా ఆపకపోయినా పెద్ద ప్రమాదాల్లో తేడా లేదు కాని, ఆపకపోతే బీపీ దిగడం మాత్రం ఎక్కువైంది. శనివారం, ఆదివారం ఆ మాత్ర వద్దన్నాను. (ఇది ఆవిడకు చెప్పిన మాట, మీ మాత్ర సంగతి మీ డాక్టర్ని అడగండి. కొన్ని ఆపకూడనివీ ఉంటాయి.)

ఇక లేవబోతున్నారు. ఏమనిపించిందో, రేపు ఏం తింటారమ్మా అని అడిగాను. కొడుకే జవాబు చెప్పాడు. "రేపు శనివారం గద సార్, అమ్మకు ఒక్కపొద్దు."

శనివారం పగలంతా వెంకటేశ్వరస్వామికి ఉపవాసం. నీళ్ళు కూడా అంతంతమాత్రం. రాత్రి ఏదో నాలుగు మెతుకులు, అదీ ఒంట్లో బాగుంటే. ఆ తరవాత ఆసుపత్రి వాళ్ళు పెట్టే ఉపవాసం. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి బల్ల ఎక్కేసరికి బావిలో నీళ్ళుండవు. ఏ కాగితంలోనూ ఇది లేదు. మా కాగితంలో ఉపవాసం గురించి అడిగే గడి ఒకటుంది కాని అది అడిగేది చివరిసారి ఎప్పుడు తిన్నారని. అంతకు ముందు రోజంతా తిన్నారా అని కాదు.

దేవుడి ఉపవాసం మానమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బతిమాలితే ఒక ఒప్పందానికి వచ్చింది. అన్నం ముట్టదు, కాని కొబ్బరినీళ్ళు, మజ్జిగ తాగుతుంది. ఆదివారం తెల్లవారుజామున ఆరు గంటల లోపు రెండు గ్లాసుల మంచినీళ్ళు. మత్తుకు రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు తాగవచ్చు, అర్ధరాత్రి నుంచి గొంతు ఎండగట్టే పాత పద్ధతి ఇప్పుడు లేదని చెబితే ఆశ్చర్యపోయింది.

ఆదివారం ఆవిడకు ప్రొపొఫాల్ నెమ్మదిగా, ఎప్పటికన్నా తక్కువ ఇచ్చాను. పట్టీని నిమిషానికోసారి బిగిసేలా పెట్టాను. బీపీ ఎక్కించే మందు సిరంజిలో ముందే నింపి పక్కన పెట్టుకున్నాను. మొదలు 148 మీద 86. రెండో నిమిషంలో 112. నాలుగో నిమిషంలో 84 మీద 46, సగటు 59. మందు కొంచెం ఎక్కించాను, సెలైను జోరు పెంచాను. రెండు నిమిషాల్లో 118. కాసేపటికి సర్జను కడుపులోకి గ్యాసు నింపుతుంటే నాడి 48కి పడింది. తెర ఇంకా అరవలేదు, నా వేలికి తెలిసింది. గ్యాసు ఆపండి అన్నాను. ఆపారు. కుదురుకుంది. యాభై నిమిషాల్లో రాళ్ళ సంచీ బయటికొచ్చింది.

మంగళవారం సాయంత్రం పై అంతస్తుకి వెళ్ళాను. ఆవిడ మంచం మీద ఒరిగి కూర్చుని జావ తాగుతోంది. మనవరాలు పక్కనే కూర్చుని బొమ్మలు గీస్తోంది.

"దిగిందా బిడ్డా?"

"దిగిందమ్మా."

"ముంగట ఎరకైందా?"

"దిగుతుందని తెలుసు. ఎప్పుడన్నది తెలీదు. దిగాక చూశాను."

ఆవిడ జావ గిన్నె కింద పెట్టింది. కాసేపు కిటికీలోంచి వీధి చూసింది.

"మా అక్కకు గూడ శనివారం ఒక్కపొద్దుండె. తెల్లారి ఐతారమే తోల్కపోయిన్రు. ఏం తిన్నవని ఎవ్వలడగలే."